రోజువారీ డ్రైవింగ్‌లో బ్రేకులు, వాహన నియంత్రణ

నిర్వచనం, పరిధి

పరుగెడుతున్న వాహనం వేగాన్ని తగ్గించడం, పూర్తిగా ఆపడం, ఆగిన చోటు నుంచి కదలకుండా నిలపడం, ఈ మూడింటినీ కలిపి బ్రేకింగ్ అంటారు. మొదటి రెండు పనులూ సర్వీస్ బ్రేకువి. మూడోది పార్కింగ్ బ్రేకుది; వాడుకలో దాని పేరు హ్యాండ్ బ్రేకు. స్టీరింగ్, యాక్సిలరేటర్, క్లచ్, గేరు కూడా వాహనం వేగాన్నో దిశనో మార్చేవే కాబట్టి, వాటిని వదిలేసి బ్రేకు గురించి చెప్పడం కుదరదు.

బ్రేకు పట్టుకునేది చక్రాన్ని మాత్రమే. వాహనాన్ని ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. కారు టైరు ఏ క్షణంలో చూసినా అరచేయంత మేరే నేలను తాకుతుంది. ఎంత ఖరీదైన బ్రేకులైనా ఆ కాస్త మేర ఇచ్చే పట్టును మించి పనిచేయలేవు. ఉన్న దూరంలో, స్టీరింగ్ చెప్పినట్టు వింటుండగానే, వెనక వచ్చేవాళ్లకు ముందుగా తెలిసేలా ఆగడాన్ని సురక్షిత బ్రేకింగ్ అంటారు.

చరిత్ర

గుర్రపు బండ్ల కాలంలో ఇనుప పట్టా చక్రానికి కొయ్య దిమ్మెను ఒత్తి వేగం తగ్గించేవారు. రబ్బరు టైర్లు వచ్చాక ఆ దిమ్మె రబ్బరును తినేయడంతో వేరే మార్గం వెతకాల్సి వచ్చింది. 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము లోపలి నుంచి బయటికి తోసే షూలతో బ్రేకును రూపొందించాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు లోహం మీద లోహం రాసుకుని చెవులు చిల్లులు పడేలా అరిచేవి. డిస్క్‌కు ఆదరణ దక్కడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

తొలి కార్లలో చాలావాటికి వెనక చక్రాలకే బ్రేకులుండేవి. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో అమ్మకానికి వచ్చిన మొదటి కారు 1921 నాటి అమెరికన్ డ్యూసెన్‌బర్గ్. నాలుగు చక్రాల బ్రేకులున్న కార్లు చటుక్కున ఆగిపోతుంటే వెనకవాళ్లు ఆగలేక వచ్చి గుద్దేవారు. అందుకని 1920లలో యూరప్‌లో అలాంటి కార్ల వెనక ఎర్ర త్రికోణం అతికించి హెచ్చరించేవారు. వెనకవాడి బ్రేకు సంగతి ముందువాడికి పట్టడం అప్పుడే మొదలైంది (చూడండి: చట్టం).

1953లో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. రెండేళ్లకు సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో వచ్చింది. చక్రం బిగుసుకుపోకుండా చూసే యాంటీ లాక్ పద్ధతి మొదట విమానాలది. డన్‌లప్ సంస్థ 1950లలో విమానాల కోసం చేసిన మ్యాక్సరెట్ పరికరాన్నే 1966లో జెన్సన్ ఎఫ్ఎఫ్ కారులో బిగించారు. ఈ పద్ధతికే బాష్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ రూపమైన ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్‌తోనూ, మోటారు సైకిళ్లకు 1988లో బీఎండబ్ల్యూ కె100తోనూ వచ్చింది.

పెడళ్లు ఇప్పుడున్న వరుసలోకి రావడానికీ కాలం పట్టింది. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలో యాక్సిలరేటర్ స్టీరింగ్ దగ్గర చేతితో తిప్పే మీట. కింద మూడు పెడళ్లుండేవి: ఎడమది గేర్లకు, నడుమది రివర్సుకు, కుడిది బ్రేకుకు. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ అనే నేటి క్రమం 1916 నాటి క్యాడిలాక్‌లో కనిపిస్తుంది. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ దాన్ని సామాన్యుల కార్లలోకి తెచ్చింది. భారతదేశంలో పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నడిపినవారికి ఇలాంటి తికమక స్వయంగా తెలుసు. ఆ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి నుంచి దాని మీదికి మారినవారు ఆగాల్సిన చోట గేరు తొక్కేవారు.

పనిచేసే తీరు, రకాలు

కదిలే వాహనంలో గతిజ శక్తి ఉంటుంది. బ్రేకు ఆ శక్తిని రాపిడి ద్వారా వేడిగా మారుస్తుంది. వెయ్యి కిలోల కారును 80 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడి, లీటరు నీటి ఉష్ణోగ్రతను దాదాపు 60 డిగ్రీలు పెంచడానికి సరిపోతుంది.

పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని బ్రేకు ఆయిల్ మీద పడే ఒత్తిడి, పాస్కల్ నియమం ప్రకారం గొట్టాల్లో సమానంగా పాకి చక్రాల దగ్గరికి చేరుతుంది. అక్కడ డిస్క్ బ్రేకులో క్యాలిపర్ రెండు ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. డ్రమ్ములో షూలు లోపలి గోడకు ఒత్తుకుంటాయి. డిస్క్ గాలికి తెరుచుకుని ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది, నీళ్లనూ త్వరగా విదిల్చుకుంటుంది. డ్రమ్ము చవక, దుమ్ముకు తట్టుకుంటుంది. వేడినీ నీటినీ మాత్రం త్వరగా వదలదు. డ్రైవరు కాలికి తోడుగా, ఇంజిన్ పీల్చుకునే శూన్యతతో పనిచేసే వాక్యూమ్ బూస్టర్ ఉంటుంది. ఇంజిన్ ఆగితే అందులో మిగిలే శక్తి ఒకటి రెండు సార్లు తొక్కడానికే చాలుతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

బస్సులు, లారీల్లో ఆయిల్ పని గాలి చేస్తుంది. ఎయిర్ బ్రేకు మూలం 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైళ్లకు పేటెంట్ తీసుకున్న పద్ధతి. నేటి భారీ వాహనాల్లో పార్కింగ్ బ్రేకును స్ప్రింగ్ పట్టి ఉంచుతుంది, దాన్ని గాలి వదిలిస్తుంది. ట్యాంకులో గాలి బాగా పడిపోతే స్ప్రింగే చక్రాన్ని పట్టేస్తుంది. ఎయిర్ నిండేదాకా లారీ కదలకపోవడానికి కారణం ఇదే.

ఆగే దూరం

ప్రమాదం కంట పడ్డాక వాహనం ఆగేలోపు సాగే దూరంలో రెండు భాగాలుంటాయి. చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు పోయే దూరం ఒకటి. బ్రేకు పట్టాక ఆగేదాకా సాగే దూరం మరొకటి. మొదటిది వేగంతో సమంగా పెరుగుతుంది. రెండోది వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది.

మెలకువగా ఉన్న డ్రైవరుకు ఒకటిన్నర సెకను పడుతుందనీ, పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లతో కారు గట్టిగానే ఆగుతుందనీ అనుకుందాం. 40 కి.మీ. వేగంలో స్పందనకు 17 మీటర్లు, బ్రేకుకు 9 మీటర్లు పోతాయి. 60లో 25, 20. 80లో 33, 35. అంటే 60 మీద వెళ్తున్న కారు మొత్తం 45 మీటర్లలో ఆగుతుంది. అదే చోట అదే అడ్డంకిని చూసిన 80 కారు ఆ 45వ మీటరు దగ్గర ఇంకా గంటకు 65 కి.మీ. వేగంతో ఉంటుంది. మొదట్లో ఉన్న తేడా 20 కి.మీ. మాత్రమే. ఈ లెక్క డ్రైవింగ్ స్కూళ్లలో వినిపించేది తక్కువ.

తడి రోడ్డు మీద 60 కారుకు బ్రేకు దూరమే 35 మీటర్ల దాకా పోతుంది. ఫోన్ చూస్తూ నడిపేవారి స్పందన కాలం వేరే చెప్పనక్కర్లేదు. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ డ్రైవరు స్పందనకు 2.5 సెకన్లు కేటాయిస్తుంది. ఆ లెక్క మీదే 80 కి.మీ. వేగానికి 120 మీటర్లు, 100 కి.మీ. వేగానికి 180 మీటర్లు ముందు కనిపించేలా రోడ్డు ఉండాలంటుంది.

ముందు వాహనంతో ఉంచాల్సిన ఎడాన్ని మీటర్లలో కొలవడం నడిపేవారికి సాధ్యం కాదు. అందుకే సెకన్ల పద్ధతి వచ్చింది. ముందు వాహనం ఒక స్తంభాన్ని దాటాక, తమ వాహనం అక్కడికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి, వానలో నాలుగు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం 120 కి.మీ. దగ్గర రెండు సెకన్లంటే 67 మీటర్లు. నగరం లోపల అంత ఎడం వదిలితే ఆటో దూరుతుందన్నది నిజమే. అప్పుడు ఆటో వెనక మళ్లీ కాస్త తగ్గడం తప్ప వేరే దారి లేదు.

కారు నియంత్రణలు

బ్రేకు సరిగా పడాలంటే సీటు సరిగా ఉండాలి. పెడల్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించినప్పుడు మణికట్టు స్టీరింగ్ పై అంచును అందుకోవాలి. ఎయిర్‌బ్యాగులు వచ్చాక చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెల చోట ఉంచడం మేలంటున్నారు. యాక్సిలరేటర్‌కూ బ్రేకుకూ కుడికాలు ఒక్కటే వాడతారు. మడమ బ్రేకుకు ఎదురుగా నేల మీద ఆనుతుంది, ముందు పాదం కుడికి తిరిగి యాక్సిలరేటర్‌ను తాకుతుంది. ఆటోమేటిక్ కారులో ఎడమకాలికి పని లేదు.

కాలు ఒక పెడల్ అనుకుని ఇంకొకటి తొక్కడం అరుదైన పొరపాటేమీ కాదు. 1980లలో అమెరికాలో ఆడీ 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఇలాంటి ఫిర్యాదులను పరిశీలించిన అక్కడి రహదారి భద్రతా సంస్థ 1989లో ఇచ్చిన నివేదికలో, ఎక్కువ ఘటనలకు కారణం డ్రైవర్లు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కడమేనని తేల్చింది. బ్రేకు తొక్కితే తప్ప ఆటోమేటిక్ గేరు పార్క్ నుంచి కదలకుండా చేసే ఏర్పాటు ఆ తర్వాతే వాడుకలో స్థిరపడింది. 2009లో టొయోటా అమెరికాలో లక్షలాది కార్లను వెనక్కి పిలవడానికి ఒక కారణం, నేల మీద పరిచే మ్యాట్ జరిగి యాక్సిలరేటర్‌కు అడ్డుపడడం. సీటు కింద దొర్లే నీళ్ల సీసా బ్రేకు పెడల్ వెనక ఇరుక్కుంటే జరిగేదీ అంతే ప్రమాదం. జారే చెప్పులతో నడపవద్దనడానికి కారణం కూడా ఇదే.

క్లచ్ విషయంలో ఒక అలవాటు చాలామందిని వదలదు: బ్రేకుతో పాటే, కొందరైతే అంతకు ముందే, క్లచ్ తొక్కేయడం. క్లచ్ పడిందంటే చక్రాలకూ ఇంజిన్‌కూ సంబంధం తెగినట్టే. వేగాన్ని వెనక్కి పట్టే ఇంజిన్ బలం పోయి భారమంతా బ్రేకు మీద పడుతుంది. మామూలుగా ఆగేటప్పుడు ముందు యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు వేసి, ఇంజిన్ వణికేలోపు క్లచ్ తొక్కడం పద్ధతి. అత్యవసరంలో బ్రేకే ముఖ్యం. ఇంజిన్ ఆగిపోయినా నష్టం లేదు.

ద్విచక్ర వాహనాలు

బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది. కారులో అది ముక్కు కిందికి దిగడంగా తెలుస్తుంది. మోటారు సైకిల్ మీద దాని ప్రభావం చాలా ఎక్కువ. గట్టి బ్రేకులో బరువులో పెద్ద భాగం ముందు టైరు మీదికి చేరి దాని పట్టు పెరుగుతుంది, వెనక టైరు తేలికై తొందరగా జారుతుంది. ఆపే శక్తిలో ఎక్కువ వాటా ముందు బ్రేకుదే.

ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందన్న భయం మాత్రం తెలుగునాట ఇంటింటా వినిపిస్తుంది. నేర్పే పెద్దవాళ్లే వెనక బ్రేకు ఒక్కటే వాడమని చెప్పి పంపుతారు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఇసుక మీదనో, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడో ముందు లీవరును ఒక్కసారిగా గుంజితే బండి నిజంగానే పడుతుంది. కానీ వెనక బ్రేకుతోనే ఆపితే దూరం బాగా పెరుగుతుంది, పైగా వెనక చక్రం బిగుసుకుని పక్కకు ఈడుస్తుంది. హ్యాండిల్ తిన్నగా, బండి నిటారుగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి, ముందు లీవరును క్రమంగా బిగిస్తూ పోవడమే పద్ధతి. మలుపులో ఉన్న టైరు తన పట్టులో కొంత మలుపుకే ఖర్చు చేస్తుంది కాబట్టి, వేగం తగ్గించడం మలుపుకు ముందే పూర్తికావాలి.

బ్రేకు వేసేటప్పుడు జరిగే ఇలాంటి ప్రమాదాలను తగ్గించడానికే భారత ప్రభుత్వం 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం కాంబీ బ్రేకు తప్పనిసరి చేసింది. కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఇది అమలైంది. కాంబీ బ్రేకులో ఒక మీట నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు అందుతుంది. గేర్లు లేని స్కూటర్లలో అది ఎడమచేతి లీవరు.

ఏబీఎస్

తిరుగుతున్న టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు, బిగుసుకుని ఈడ్చుకుపోయే టైరుకు ఉండదు. ముందు చక్రాలు బిగిస్తే స్టీరింగ్ ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఏబీఎస్‌లో ప్రతి చక్రం దగ్గరా వేగాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. ఏ చక్రమైనా మిగతావాటికంటే హఠాత్తుగా నెమ్మదిస్తే, దాని ఆయిల్ ఒత్తిడిని సెకనుకు పలుమార్లు వదిలి, పట్టి, మళ్లీ వదులుతుంది. కాలి కింద పెడల్ గడగడలాడేది అందుకే. ఆ అదురుకు ఏదో విరిగిందనుకుని కాలు తీసేవారున్నారు. చేయాల్సింది అలాగే గట్టిగా తొక్కిపట్టి, అడ్డంకిని తప్పించేలా స్టీరింగ్ తిప్పడం.

ఏబీఎస్ ప్రధాన ప్రయోజనం దిశ చేజారకుండా ఉండడం. కంకర, వదులు ఇసుక మీద అది ఆగే దూరాన్ని పెంచవచ్చు కూడా. ఏబీఎస్ లేని పాత కారులో చక్రాలు బిగిస్తే, కాలు కాస్త సడలించి మళ్లీ తొక్కే పని డ్రైవరే చేయాలి.

ఘాట్ రోడ్లు

బ్రేకు నిజమైన పరీక్ష దిగుడులో ఉంటుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు రెండోది ఎక్కడానికి, మొదటిది దిగడానికి. కొండపై నుంచి అలిపిరి చేరేలోపు దాదాపు 700 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. ఆ ఎత్తులోని శక్తిని లెక్కవేస్తే, 80 కి.మీ. వేగం నుంచి పాతిక సార్లకు పైగా పూర్తిగా ఆగినంత అవుతుంది. వాహనం కారైనా బస్సైనా ఈ నిష్పత్తి మారదు. ఇందులో కొంత గాలికీ టైర్లకూ పోతుంది. మిగిలినదాన్ని ఇంజిన్ తీసుకోవాలి, లేదా బ్రేకులు భరించాలి.

బ్రేకుల మీదే వదిలేస్తే ప్యాడ్లు, డ్రమ్ములు కాగిపోయి పట్టు సడలుతుంది. దీన్ని బ్రేక్ ఫేడ్ అంటారు. రెండో ప్రమాదం ఆయిల్‌లో ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగి ఆవిరి బుడగలు పుడితే ఒత్తిడి వాటిని నొక్కడానికే సరిపోయి, పెడల్ మెత్తగా కిందికంటా పోతుంది. కాలుతున్న వాసన దీనికి ముందు వచ్చే హెచ్చరిక.

ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే అన్నది లారీ డ్రైవర్ల పాత లెక్క. రెండు, మూడు గేర్లలో ఇంజిన్ వేగాన్ని పట్టి ఉంచగా, బ్రేకును అవసరమైనప్పుడు గట్టిగా వేసి పూర్తిగా వదలాలి. సన్నగా తొక్కిపట్టి ఉంచితే చల్లారే వ్యవధి దొరకదు. న్యూట్రల్‌లో వదిలేస్తే ఇంధనం కలిసొస్తుందన్న నమ్మకం కార్బురేటర్ కాలం నాటిది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి ఎంతో కొంత తాగాల్సిందే. ఇంజిన్ కూడా కట్టేస్తే బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి. తాళం తీస్తే స్టీరింగ్ లాక్ పడవచ్చు.

బరువు పెరిగితే వేడి పెరుగుతుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో సామర్థ్యాన్ని మించి చాలా ఎక్కువమంది ఉన్నారు.

బ్రేకు అందకపోతే పెడల్‌ను త్వరత్వరగా పలుమార్లు కొట్టాలి. కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. ఒక్కో గేరూ తగ్గించాలి. హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగాలి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి కారు తిరుగుతుంది. హారన్, హజార్డ్ లైట్లు వేస్తూ ఎగుడు వైపో, కొండ వైపున్న మట్టి అంచుకో చేర్చాలి.

రోడ్డు, వాతావరణం

తొలకరి జల్లు పడ్డ మొదటి అరగంట నిండు వానకంటే జారుడు. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి పైకి తేలతాయి. నీళ్లు నిలిచిన చోట వేగంగా వెళ్తే టైరు నీటి పొర మీద తేలి స్టీరింగ్ తేలికవుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి, టైరు మళ్లీ నేలను పట్టేదాకా స్టీరింగ్ తిన్నగా ఉంచాలి. నీళ్లలోంచి బయటపడ్డాక డ్రమ్ములు ఆరడానికి బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా వేసి చూస్తారు.

కోతల కాలంలో తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో వడ్లు, మొక్కజొన్న రోడ్డు మీదే ఆరబోస్తారు. గింజల మీద ద్విచక్ర వాహనానికి బ్రేకు దాదాపు లేనట్టే. కుప్పలు కదలకుండా చుట్టూ పేర్చే రాళ్లు రాత్రి పూట మరో ప్రమాదం.

నిర్వహణ

ప్యాడ్లు అరిగితే కీచుమనే శబ్దం వస్తుంది. చాలా ప్యాడ్లకు అందుకోసమే చిన్న లోహపు రేకు ఉంటుంది. గరగరమని లోహం రాసుకుంటుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పెడల్ స్పాంజిలా ఉంటే లైనులో గాలి చేరింది. కారు ఒక పక్కకు లాగితే ఒక చక్రానికి బ్రేకు సరిగా పడడం లేదు, లేదా టైర్లలో గాలి తేడా ఉంది. ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చమన్నది సాధారణ సూచన. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

చట్టం

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్టు కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ప్రమాదాల్లో ఐదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దినవే. ముందు వాహనంతో తగిన ఎడం ఉంచాలనీ, భద్రత కోసం తప్ప హఠాత్తుగా బ్రేకు వేయరాదనీ 1989 నాటి రోడ్డు నియమాల్లోనే చెప్పారు.

ఈ రెండు బాధ్యతలూ ఎదురుబొదురుగా నిలిచిన కేసు ఒకటి 2025 జులైలో సుప్రీంకోర్టు ముందు తేలింది. 2017లో కోయంబత్తూరులో హైవే మీద వెళ్తున్న కారు హఠాత్తుగా ఆగింది. గర్భిణి అయిన భార్యకు వాంతి వచ్చేలా ఉందని ఆపానని డ్రైవరు చెప్పాడు. వెనక మోటారు సైకిల్ మీద వస్తున్న విద్యార్థి కారును గుద్దుకుని పడిపోగా, వెనక వచ్చిన బస్సు అతని మీదుగా వెళ్లింది. అతను ఎడమకాలు కోల్పోయాడు. సూచన ఇవ్వకుండా హైవే మీద ఆగడం నిర్లక్ష్యమేనంటూ కోర్టు కారు డ్రైవరుకు 50 శాతం, బస్సు డ్రైవరుకు 30 శాతం బాధ్యత వేసింది. ఎడం పాటించని, లైసెన్సు లేని విద్యార్థికి 20 శాతం మిగిలింది.

కొత్త పరిజ్ఞానం

అడ్డంకిని గుర్తించి తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు 2008 నాటి వోల్వో ఎక్స్‌సీ60లో కనిపిస్తుంది. భారత్‌లో అమ్ముడవుతున్న కొన్ని కార్లలోనూ ఇప్పుడిది ఉంది. ముందు కారుకు ఉన్నట్టుండి ఇలా గట్టిగా బ్రేకు పడితే, అలాంటి ఏర్పాటు లేని వెనక వాహనానికి ఇబ్బంది ఎలాగూ తప్పదు.

విద్యుత్ వాహనాల్లో యాక్సిలరేటర్ వదలగానే మోటారే జనరేటర్‌గా మారి, వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. దిగుడు రోడ్లలో ఇంజిన్ బ్రేకింగ్ చేసే పనిని ఇదే చేస్తుంది, ప్యాడ్లు చాలా నెమ్మదిగా అరుగుతాయి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మాత్రం శక్తిని దాచే చోటు ఉండదు కనుక ఈ పట్టు బాగా తగ్గుతుంది. కొండ మీద వంద శాతం ఛార్జ్ చేసుకుని వెంటనే దిగడం మొదలుపెట్టిన కారులో, మొదటి కొన్ని మలుపులు మామూలు బ్రేకులతోనే దిగాలి.